సాంచా మారినా పడుగు తెగొద్దు

మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. మా బాపు నల్లగొండ జిల్లా నుంచి సూరత్ వచ్చి ముప్పై ఏళ్లు సాంచాల మధ్యే బతికాడు. నేను అక్కడి లింబాయత్ పేటలో పెరిగాను. మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివాను. సూరత్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతో పాటు తెలుగు బడులూ నడుపుతుందని చెబితే హైదరాబాద్‌లో మా బంధువులే నమ్మరు. సాంచా చప్పుడుకు నా చెవులు పోకముందే బయటపడాలని బాపు నన్ను కరెంటు వైరింగ్ పనిలో పెట్టాడు. అందులోంచి కంప్యూటర్ల వైరింగ్‌లోకి, అక్కడి నుంచి సర్వర్లలోకి వచ్చాను. రింగ్‌రోడ్డు టెక్స్‌టైల్ మార్కెట్లలో నల్ల కోయాక్సియల్ తీగ లాగిన రోజులవి. ఒక దుకాణంలో కుర్రాడు చీపురుతో టీ-కనెక్టర్‌ను కదిలించాడంటే ఆ వరసలో కంప్యూటర్లన్నీ మూగపోయేవి.

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నీళ్లు వదిలితే తాపీ నది ఊరి మీదికి వచ్చింది. ఒక మార్కెట్ బేస్‌మెంట్‌లో నేను పెట్టిన మూడు సర్వర్లు మునిగాయి. నీళ్లు తీశాక వెళ్లి మూత విప్పితే మదర్‌బోర్డు మీద సన్నటి ఒండ్రు, అమ్మ అరుగు అలికినట్టు సమంగా. అమెజాన్ వాళ్లు 2016 జూన్‌లో తమ క్లౌడ్‌కు ముంబై రీజియన్ తెరిచినప్పుడు ధర లెక్క వేయకముందే మనసులో సరే అనుకోవడానికి ఆ ఒండ్రే కారణం.

ఇప్పుడు మా అక్క కొడుకు హైదరాబాద్‌లో క్లౌడ్ ఉద్యోగంలో చేరాడు. రాత్రి పదకొండింటికి ఫోన్ వస్తుంది. "మామా, పింగ్ వస్తలేదు." పదిసార్లకు ఎనిమిదిసార్లు గొడవ మెషీన్‌లో ఉండదు, దాని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లో ఉంటుంది. "అన్నీ ఒక్కచోట రాసియ్యి మామా" అన్నాడు. రాశాను. అంకెలు వేశాను గానీ వరస మాత్రం నాకు దెబ్బలు తగిలిన వరసే.

1. కూర్చున్న కొమ్మను నరకొద్దు.

2017 జూలై. జీఎస్టీ వచ్చింది. సూరత్ బట్టల వ్యాపారులు రోజుల తరబడి దుకాణాలు మూసి సమ్మె చేశారు. మార్కెట్ మూసి ఉన్నప్పుడే సర్వర్లు మార్చేయాలని నేను రాత్రింబవళ్లు కూర్చున్నాను. ఒక చీరల శేఠ్ గారి బిల్లింగ్ సర్వర్‌ను ముంబై రీజియన్‌కు ఎక్కించి, ఇంటర్‌ఫేస్ సెట్టింగు ఫైలులో ఒక అక్షరం దిద్ది, 'డౌన్ చేసి అప్ చేద్దాం' అనుకున్నాను. డౌన్ కొట్టాను. అప్ కొట్టడానికి దారి లేదు. నేను లోపలికి వచ్చిన దారి ఆ ఇంటర్‌ఫేసే.

వెనకటి రోజుల్లో అయితే స్కూటర్ తీసి రింగ్‌రోడ్డుకు వెళ్లి, సర్వర్ ముందు స్టూలు వేసుకుని, కీబోర్డు తగిలించేవాణ్ని. క్లౌడ్‌లో స్టూలు వేసే చోటు లేదు. బయటి నుంచి రీబూట్ కొడితే దిద్దిన ఫైలే మళ్లీ చదివింది. అందులో ఒక కోలన్ జారిపోయి ఉంది. చివరికి మెషీన్ ఆపి, దాని డిస్కు ఊడదీసి, ఇంకో మెషీన్‌కు తగిలించి, ఫైలు సరిచేసి, మళ్లీ పాత చోటే బిగించాను. ఒక కోలన్‌కు రెండు గంటలు.

ఇప్పుడు దారులున్నాయి. నెట్‌వర్క్ లేకున్నా లోపలికి పోనిచ్చే సీరియల్ కన్సోల్‌ను అమెజాన్ 2021లో ఇచ్చింది. అది ముందే ఆన్ చేసి ఉండాలి, లోపలి యూజర్‌కు పాస్‌వర్డూ ఉండాలి. ఉబుంటులో 'నెట్‌ప్లాన్ ట్రై' అని ఒక కమాండ్ ఉంది. మార్పు అమలు చేసి 120 సెకన్లు చూస్తుంది. నువ్వు ఎంటర్ కొట్టలేదంటే లైను తెగిందని తెలుసుకుని పాత స్థితికి తెస్తుంది. అది లేని చోట నేను వాడేది ముసలి పద్ధతి. ముందు పాత ఫైలుకు నకలు తీస్తాను. పది నిమిషాల తర్వాత ఆ నకలును తిరిగి దాని చోట పెట్టి నెట్‌వర్క్‌ను మళ్లీ లేపమని 'యాట్' కమాండ్‌కు అప్పజెబుతాను. ఆ తర్వాతే అసలు ఫైలు మీద చెయ్యి వేస్తాను. అంతా బాగుంటే ఆ పని రద్దు చేస్తాను. రద్దు చేయడం మరిచిపోయి పదో నిమిషాన నా పని నేనే చెరుపుకున్న రోజులూ ఉన్నాయి. అదీ మేలే. ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు.

2. లోపల అడ్రస్ రాయొద్దు.

ఆఫీసు సర్వర్లకు ఐపీ అడ్రస్ చేత్తో రాసి పెట్టే అలవాటు మా తరానిది. క్లౌడ్‌లో ఆ అలవాటు మానుకోవాలి. అడ్రస్ ఇచ్చేది క్లౌడ్. ఇంటర్‌ఫేస్‌కు ఏ అడ్రస్ రావాలో బయట కన్సోల్‌లో చెబితే, మెషీన్ లేచినప్పుడల్లా డీహెచ్‌సీపీతో అదే అడ్రస్ అందుతుంది. లోపల చేత్తో వేరే అడ్రస్ రాశావనుకో, మెషీన్ తన పేరు ఒకటి అనుకుంటుంది, క్లౌడ్ దాన్ని ఇంకో పేరుతో పిలుస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు పలకరించుకోరు. పైగా ఆ మెషీన్ నకలు తీసి ఇంకోటి పుట్టించినప్పుడు పాత అడ్రస్ కొత్త ఒంట్లోనూ ఉంటుంది.

నకలు విషయంలో పాత లైనక్స్‌లు ఇంకో చిక్కు పెట్టేవి. ఏ మాక్ అడ్రస్ ఉన్న కార్డు ఈటీహెచ్ 0 అవుతుందో 'పర్సిస్టెంట్ నెట్' అనే రూల్స్ ఫైలులో రాసి పెట్టుకునేవి. నకలుకు కొత్త మాక్ వస్తుంది కదా, "ఇదెవరో కొత్తవాడు" అని దానికి ఈటీహెచ్ 1 అని పేరు పెట్టేవి. సెట్టింగులేమో ఈటీహెచ్ 0 పేరు మీద. పెళ్లిపత్రిక ఒకరి పేరున, పీటల మీద ఇంకొకరు. ఆ ఫైలు తీసేసి నకలు తీయాలని తెలుసుకోవడానికి నాకు ఒక ఆదివారం పట్టింది. తర్వాత కార్డు ఉన్న చోటును బట్టి ఈఎన్ఎస్ 5 లాంటి పేర్లు పెట్టే పద్ధతి వచ్చింది. మెషీన్ రకం మారిస్తే ఆ పేరూ మారొచ్చు. కాబట్టి స్క్రిప్టులో ఇంటర్‌ఫేస్ పేరు గుడ్డిగా రాయకు. డిఫాల్ట్ రూటు దేని మీదుగా పోతోందో ముందు అడిగి, వచ్చిన పేరు వాడు.

ఇంకోటి. మెషీన్ లేచేటప్పుడు దాన్ని సిద్ధం చేసే క్లౌడ్-ఇనిట్ అనే ఆయన ఒకడున్నాడు. నువ్వు చేత్తో దిద్దిన నెట్‌వర్క్ ఫైలును ఆయన తిరగరాస్తాడు, ముఖ్యంగా నకలు కొత్తగా లేచినప్పుడు. ఫైలు పైన "ఇక్కడ దిద్దితే నిలవదు" అని రాసే ఉంటుంది. ఎవరు చదువుతారు?

3. బీము కథ.

నాకు పదేళ్లప్పుడు బాపుకు అన్నం గిన్నె తీసుకుని ఖాతాకు వెళ్లాను. సాంచాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. ఒక సాంచా గేరు విరిగి ఆగిపోయింది. సామాను రావడానికి నాలుగు రోజులన్నారు. పోగులు చుట్టి ఉండే బీము మీద సగం పడుగు అలాగే ఉంది. నేను ఆ పడుగంతా వృథా అనుకున్నాను. మాస్టర్, బాపు, ఇంకో ఇద్దరు కలిసి బీమును అచ్చుతో సహా లేపారు. వేల పోగులు ఒక్కటీ చిక్కుపడకుండా పక్కన ఖాళీగా ఉన్న సాంచా మీద పెట్టి బిగించారు. సాయంత్రానికి అదే బట్ట, ఆగిన చోటి నుంచే దిగడం మొదలైంది. సాంచా వేరు, బీము వేరు అని నాకు తెలిసిన రోజది.

క్లౌడ్‌లో ఇంటర్‌ఫేస్ ఆ బీము లాంటిది. మెషీన్‌లో ఇనుప కార్డు ఏదీ లేదు. ఇంటర్‌ఫేస్ అనేది క్లౌడ్ దగ్గర విడిగా ఉండే ఒక వస్తువు. దానికి తన సొంత ప్రైవేట్ ఐపీ, మాక్ అడ్రస్, ఎవరిని రానివ్వాలో చెప్పే సెక్యూరిటీ గ్రూపులు, కావాలంటే ఒక పబ్లిక్ ఐపీ ఉంటాయి. వాటన్నిటితో సహా దాన్ని ఒక మెషీన్ నుంచి ఊడదీసి ఇంకో మెషీన్‌కు తగిలించొచ్చు. అవతల మాట్లాడేవాళ్లకు మెషీన్ మారిన సంగతే తెలియదు.

దీన్ని నేను మొదట వాడింది ప్రింట్ డిజైన్లు చేసే ఒక యూనిట్ కోసం. వాళ్ల సాఫ్ట్‌వేర్ లైసెన్సు మాక్ అడ్రస్‌కు ముడేసి ఉంది. సర్వర్ మార్చిన ప్రతిసారీ కంపెనీకి ఉత్తరం రాయడం, వాళ్లు కొత్త లైసెన్సు పంపే దాకా డిజైనర్లు చాయ్ తాగుతూ కూర్చోవడం. లైసెన్సును రెండో ఇంటర్‌ఫేస్ మాక్‌కు ముడేయించాను. ఆ తర్వాత మెషీన్ రెండుసార్లు మారింది. ఒక్క ఉత్తరం రాయలేదు.

బీముకు షరతులున్నట్టే దీనికీ ఉన్నాయి. వెడల్పు కలవని సాంచాకు బీము ఎక్కదు. అమెజాన్‌లో ఇంటర్‌ఫేస్ తన అవైలబిలిటీ జోన్ దాటి పోదు. ఒక జోన్‌లో పుట్టింది ముంబై రీజియన్‌లోని ఇంకో జోన్ మెషీన్‌కైనా తగలదు. ఇక మెషీన్‌తో పాటు పుట్టిన మొదటి ఇంటర్‌ఫేస్‌ను ఊడదీయనివ్వరు. అందుకే నలుగురికీ తెలిసిన అడ్రస్‌ను రెండో ఇంటర్‌ఫేస్ మీద పెట్టాలి. మెషీన్‌ను రద్దు చేసినప్పుడు ఇంటర్‌ఫేస్ కూడా పోవాలా ఉండాలా అని ఒక సెట్టింగు ఉంటుంది, అది చూసుకో. మెషీన్‌తో పుట్టినవి మామూలుగా మెషీన్‌తోనే పోతాయి. విడిగా చేసి తగిలించినవి నిలుస్తాయి.

మైక్రోసాఫ్ట్ వాళ్ల అజూర్‌లో ఇంకో ఇంటర్‌ఫేస్ తగిలించాలంటే మెషీన్‌ను పూర్తిగా ఆపాల్సిందే. గూగుల్‌లో చాలాకాలం మెషీన్ పుట్టేటప్పుడే ఇంటర్‌ఫేస్‌లన్నీ చెప్పాల్సి వచ్చేది, ఒక్కొక్కటీ వేరే నెట్‌వర్క్‌లో ఉండాలనేవారు. ఒక దుకాణం అలవాటు ఇంకో దుకాణంలో చెల్లదు.

4. రెండో తలుపు పెట్టేముందు రెండుసార్లు అడుగు.

రెండో ఇంటర్‌ఫేస్ గొప్పతనం ఇప్పుడే చెప్పి ఇదేమిటి అంటావా? మన మెడకు చుట్టుకునే పాము కూడా అదే.

అల్లుడు మొదటిసారి అర్ధరాత్రి ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది దీని గురించే. మెషీన్‌కు రెండో ఇంటర్‌ఫేస్ తగిలించాడు. అడ్రస్ వచ్చింది. లోపల చూస్తే పచ్చగా 'అప్' అని ఉంది. బయటి నుంచి ఆ అడ్రస్‌కు పోతే జవాబు లేదు.

"సెక్యూరిటీ గ్రూపు చూశావా?"

"నాలుగుసార్లు చూసిన మామా. అన్నీ తెరిచే ఉన్నయ్."

"టీసీపీడంప్ పెట్టు. రెండు ఇంటర్‌ఫేస్‌ల మీద, రెండు కిటికీల్లో."

కాసేపు నిశ్శబ్దం. తర్వాత వాడే అన్నాడు. "మామా, పిలుపు రెండో దాంట్ల నుంచి వస్తుంది. జవాబు మొదటి దాంట్ల నుంచి పోతుంది."

అదే సంగతి. మా రింగ్‌రోడ్డు మార్కెట్లలో వెనక గేటు నుంచి వచ్చిన టెంపోకు వెనక గేటు చీటీ ఇస్తారు. సరుకు దింపి ముందు గేటు నుంచి పోదామంటే అక్కడి వాచ్‌మన్ ఆపేస్తాడు. "నువ్వు ఇక్కడ లోపలికి రాలేదు, పోనివ్వను." లైనక్స్‌కు ఒకే డిఫాల్ట్ రూటు పట్టిక ఉంటుంది. ఎవరు ఏ గేటున వచ్చారో చూడదు, అందరినీ ముందు గేటుకే పంపుతుంది. ఆ ప్యాకెట్ మీద ఉన్నది రెండో ఇంటర్‌ఫేస్ అడ్రస్. మొదటి ఇంటర్‌ఫేస్ దగ్గర క్లౌడ్ వాచ్‌మన్ చూసి, ఈ అడ్రస్ ఈ గేటుది కాదని పడేస్తాడు. కొన్నిసార్లు జవాబు పుట్టదు కూడా. లైనక్స్‌లో ఆర్‌పీ ఫిల్టర్ కఠినంగా పెట్టి ఉంటే వచ్చిన పిలుపునే లోపల మింగేస్తుంది. టీసీపీడంప్‌లో పిలుపు కనిపిస్తుంది, జవాబు ఎక్కడా ఉండదు.

మందు ఏమిటంటే, రెండో ఇంటర్‌ఫేస్‌కు విడిగా ఒక రూటు పట్టిక రాయాలి. అందులో దాని సొంత గేట్‌వే ఉండాలి. ఆపైన 'ఈ అడ్రస్ నుంచి బయల్దేరేవన్నీ ఆ పట్టిక చూడాలి' అని ఐపీ రూల్ ఒకటి పెట్టాలి. రెండే వరసలు. కానీ చేత్తో కొడితే రీబూట్‌కు పోతాయి, ఫైలులో రాయాలి. అమెజాన్ లైనక్స్ అయితే ఈ పని తనంతట తనే చేసుకుంటుంది. అందుకే దాని మీద నేర్చుకున్న పిల్లలు వేరే లైనక్స్‌కు వచ్చాక బిత్తరపోతారు.

అసలు ఆ రెండోది ఎందుకు పెట్టావురా అంటే, "స్పీడ్ రెట్టింపు అయితదనుకున్న మామా." కాదు. మెషీన్‌కు ఎంత వేగం అనేది మెషీన్ రకాన్ని బట్టి ఇస్తారు. ఇంటికి రెండు తలుపులు పెడితే వీధి వెడల్పు కాదు. ఒకే మెషీన్‌కు ఇంకో అడ్రస్ కావాలంతే అంటే, ఉన్న ఇంటర్‌ఫేస్ మీదే ఇంకో ప్రైవేట్ ఐపీ వేసుకోవచ్చు. దానికీ లెక్క ఉంది. టీ3 మైక్రో లాంటి చిన్న మెషీన్‌కు రెండు ఇంటర్‌ఫేస్‌లు, ఒక్కోదానికి రెండు అడ్రస్‌లే.

5. ఆపి లేపిన మెషీన్ అదే మెషీన్ కాదు.

రీబూట్ వేరు, ఆపి మళ్లీ స్టార్ట్ చేయడం వేరు. అమెజాన్‌లో దానంతట అదే వచ్చిన పబ్లిక్ ఐపీ రీబూట్‌కు నిలుస్తుంది. ఆపావంటే పోతుంది. మళ్లీ లేపినప్పుడు కొత్తది వస్తుంది. రెండో ఇంటర్‌ఫేస్ తగిలించి ఉంటే అదీ రాదు. ఆ చివరి మాట తెలియక నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

దీపావళి ముందు సూరత్ ఎలా ఉంటుందో చెబితే అర్థం కాదు. మార్కెట్ల ముందు టెంపోలు ఒకదాని నడుముకు ఒకటి ఆనుకుని ఉంటాయి. నెత్తి మీద, బండ్ల మీద పార్సిళ్లు. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం దాటే సరుకుకు ఈ-వే బిల్లు తప్పనిసరి అయింది. ఒక శేఠ్ గారి సాఫ్ట్‌వేర్ నేరుగా సర్కారు సర్వర్‌తో మాట్లాడి ఆ బిల్లు తెచ్చేది. అవతలివాళ్లు ముందుగా నమోదు చేసిన ఐపీ నుంచి వచ్చిన పిలుపునే తీసుకుంటారు. ఒక మధ్యాహ్నం మెషీన్ మందగించిందని నేను దాన్ని ఆపి, కాస్త పెద్ద రకానికి మార్చి లేపాను. అయిదు నిమిషాల పని. మెషీన్ గుర్రంలా పరుగెత్తింది. బిల్లు మాత్రం ఒక్కటీ రావడం లేదు. పాత ఐపీ పోయింది, అవతల నమోదై ఉన్నది అదే.

శేఠ్ గారు అరవలేదు. అరిస్తే బాగుండేది. కిందికి తీసుకెళ్లి చూపించారు. పద్నాలుగు టెంపోలు, డ్రైవర్లు బీడీలు కాలుస్తూ. "భాయ్, ఇవి మీ పేరు మీద నిలబడ్డాయి" అన్నారు గుజరాతీలో. ఆ రాత్రి పోర్టల్‌లో చేత్తో ఒక్కొక్క బిల్లూ కొట్టించాం. చివరి టెంపో కదిలేసరికి లోచో టిఫిన్ బండివాడు పొద్దుటి పొయ్యి వెలిగిస్తున్నాడు.

ఎవరైనా నీ ఐపీ రాసుకున్నారంటే అది ఎలాస్టిక్ ఐపీ అయ్యుండాలి. అది మెషీన్‌ను అంటిపెట్టుకుని ఉండదు, నీ అమెజాన్ ఖాతాలో ఉంటుంది, కావలసిన ఇంటర్‌ఫేస్‌కు తగిలిస్తాం. 2024 ఫిబ్రవరి 1 నుంచి అమెజాన్ ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కూ గంటకు అర సెంటు వసూలు చేస్తోంది, వాడినా వాడకున్నా. నెలకు మూడున్నర డాలర్ల పైచిలుకు. ఒక్కదానికి పెద్ద బరువు కాదు. మొదటి బిల్లు వచ్చినప్పుడు నా ఖాతాదారులందరిలో కలిపి ఎవరికీ పనికిరాని అడ్రస్‌లు పదకొండు దొరికాయి. అన్నీ నేను పెట్టినవే.

6. పింగ్ వచ్చిందని సంబరపడకు.

పింగ్ వస్తుంది. లాగిన్ అవుతుంది. పెద్ద ఫైలు పంపితే మాత్రం మధ్యలో కొయ్యబారిపోతుంది. ఈ మూడూ కలిసి కనిపిస్తే ఎంటీయూ అని నా వేళ్లే రాసేస్తాయి. ఒక ప్యాకెట్ ఎంత లావు ఉండొచ్చో చెప్పే కొలత అది. అమెజాన్ లోపలి నెట్‌వర్క్‌లో 9001 బైట్ల దాకా పోతుంది, ఇంటర్నెట్ గడప దాటితే 1500. గూగుల్‌లో మామూలుగా 1460. ఆఫీసు నుంచి క్లౌడ్‌కు వీపీఎన్ సొరంగం వేస్తే ఆ తొడుగుకే కొంత చోటు పోతుంది, ఇంకా తగ్గుతుంది.

తాకాలు, అంటే బట్ట చుట్టలు, కట్టిన బేలు మార్కెట్ లిఫ్టులో పట్టకపోతే హమాలీ వెనక్కి వచ్చి "పట్టట్లేదు సాబ్, విప్పి చిన్నగా కట్టండి" అంటాడు. నెట్‌వర్క్‌లో ఆ కబురు తెచ్చేది ఐసీఎంపీ. భద్రత పేరు చెప్పి ఐసీఎంపీ మొత్తం మూసేసే మహానుభావులు ప్రతి ఆఫీసులో ఒకరుంటారు. హమాలీ నోరు నొక్కితే బేలు ఎందుకు చేరలేదో పైన ఎవరికి తెలుస్తుంది? ముక్కలు చేయొద్దని చెప్పి, సైజు పెంచుకుంటూ పింగ్ కొట్టు. ఎక్కడ ఆగుతుందో అదే నీ కొలత. వీపీఎన్ గేట్‌వే మీద ఎంఎస్ఎస్ తగ్గించు.

7. ఊళ్లో ముగ్గురు శ్రీనివాసులుంటే ఉత్తరం ఎవరికి?

సూరత్‌లో నేను చూసిన ఆఫీసుల్లో చాలావాటికి రౌటర్ డబ్బాలోంచి తీసినప్పుడు ఏ అడ్రస్‌లున్నాయో అవే, అంటే 192.168.1తో మొదలయ్యేవి. క్లౌడ్‌లోనూ అదే వరస పెట్టుకుని రెండూ కలపాలంటే కుదరదు. తర్వాత మార్చడం ఇల్లు కట్టాక పునాది మార్చడమే.

మెషీన్ లోపల డాకర్ ఉంటే ఇంకో శ్రీనివాసుడు. అది వేసిన వెంటనే తనకంటూ ఒక ఇంటర్‌ఫేస్ చేసుకుని 172.17 వరసను తీసేసుకుంటుంది, నిన్ను అడగదు. ఒక ఖాతాదారుడి వేర్‌హౌస్ నెట్‌వర్క్ అదే వరసలో ఉంది. ఊరంతటికీ జవాబిచ్చే సర్వర్ ఆ ఒక్క వేర్‌హౌస్‌కే ఇవ్వలేదు. జవాబులన్నీ డాకర్ గదిలోకి వెళ్లి అక్కడే ఉండిపోయేవి. రెండు రోజులు నేను వేర్‌హౌస్‌వాళ్ల రౌటర్‌ను తిట్టాను.

సబ్‌నెట్ మరీ చిన్నగా కోయకు. స్లాష్ 28 అంటే లెక్కకు 16 అడ్రస్‌లు. అమెజాన్, అజూర్ రెండూ అందులో అయిదు తమ దగ్గర పెట్టుకుంటాయి. నీకు 11.

8. మెషీన్ రకం మారిస్తే డ్రైవర్ ఉందో లేదో చూడు.

టీ2 నుంచి టీ3కి మార్చావు, మెషీన్ లేచింది గానీ నెట్‌వర్క్ లేదు. కొత్త తరం మెషీన్లకు ఈఎన్ఏ అనే డ్రైవర్ కావాలి, పాత ఇమేజ్‌లో అది ఉండకపోవచ్చు. మార్చక ముందే లోపల వేసుకోవాలి. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

9. సంక్రాంతి నాడు క్లౌడ్‌ను అనుమానించకు.

ఇక్కడ సంక్రాంతిని ఉత్తరాయణ్ అంటారు. జనవరి 14న సూరత్‌లో నేల మీద మనుషులుండరు, అందరూ మిద్దెల మీదే. ఆకాశం నిండా గాలిపటాలు, మిద్దె మిద్దెకూ పాటలు, చేతుల్లో మాంజా. మన ఇంటర్నెట్ కేబుళ్లు పోయేదీ ఆ మిద్దెల మీదుగానే. తెగిన గాలిపటం కేబుల్‌కు చిక్కుకుంటే కుర్రాడు దారాన్ని లాగుతాడు. కేబుల్ కూడా వస్తుంది.

ఒక ఏడు ఆ రోజు మధ్యాహ్నం ఊంధియూ పళ్లెం ముందు కూర్చున్నానో లేదో "సర్వర్ పోయింది" అని మూడు ఫోన్లు. లేచి ల్యాప్‌టాప్ తెరిచి, మంచి ఇంటర్‌ఫేస్‌ను ఊడదీసి, మళ్లీ తగిలించి, రూటు పట్టికలు కెలికి గంట గడిపాను. మూడు ఫోన్లూ ఒకే గల్లీ నుంచి వచ్చాయా అని మా ఆవిడ అడిగాక గానీ తట్టలేదు. నా మొబైల్ డేటా మీద సర్వర్ అప్పటికే బాగుంది, నేను కెలికేదాకా.

అప్పటి నుంచి మొదటి ప్రశ్న ఒకటే. "మీ ఫోన్‌లో వైఫై తీసేసి తెరవండి, వస్తోందా?" వస్తే గొడవ వాళ్ల గల్లీలో. రాకపోతే బయటి నుంచి లోపలికి ఒక్కో గడపా చూసుకుంటూ పోతాను. పబ్లిక్ ఐపీ, సబ్‌నెట్ రూటు పట్టిక, సెక్యూరిటీ గ్రూపు, ఇంటర్‌ఫేస్, ఆ తర్వాతే మెషీన్ లోపల. కుర్రాళ్లు తిరగేసి చేస్తారు. లోపలికి దూరి మెషీన్ ఫైర్‌వాల్‌తో మొదలుపెడతారు.

10. ప్రతి ఇంటర్‌ఫేస్‌కూ ఒక వాక్యం రాయి.

ఇంటర్‌ఫేస్ చేసేటప్పుడు 'వివరణ' అని ఒక ఖాళీ గడి ఉంటుంది. అందరూ వదిలేస్తారు. రెండేళ్ల తర్వాత పట్టిక తెరిస్తే ఏ మెషీన్‌కూ తగలనివి, పేరు లేనివి, ఈఎన్ఐ అని మొదలై అంకెల చిక్కుముడిలా ఉండేవి కనిపిస్తాయి. వాటిలో కొన్ని లోడ్ బ్యాలెన్సర్‌వో, లాంబ్డావో అయ్యుంటాయి. క్లౌడే పెట్టుకున్నవి కాబట్టి చేత్తో తీయనివ్వదు. మిగతావి మనుషులు పెట్టినవి. తీసేస్తే ఏం ఆగుతుందో ఎవరికీ తెలియదు కనక ఎవరూ ముట్టుకోరు. ఎవరు, ఎందుకు, ఎప్పటిదాకా అని ఒక్క వాక్యం రాస్తే చాలు. సెక్యూరిటీ గ్రూపులకూ అంతే.

ఇది అల్లుడికి చెప్పి గొప్పగా ఫోన్ పెట్టేశాను. వాడు పోయిన దసరాకు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్ నుంచి సూరత్ వచ్చాడు. లింబాయత్‌లో బతుకమ్మ ఆడుతుంటే చూద్దామని వాళ్లమ్మనూ తెచ్చాడు. తెల్లారి నా పక్కన కూర్చుని, నా పాత అమెజాన్ ఖాతా ఒకటి తెరిపించాడు. ఏ మెషీన్‌కూ తగలని ఇంటర్‌ఫేస్‌లు చూపించమని వడపోశాడు. ఒక్కటి వచ్చింది. వివరణ గడిలో నా చేతి రాతే. "టెస్ట్. రేపు తీసేయాలి."

"మామా, ఇది 2019ది."

"ఉండనియ్యి" అన్నాను. "దేనికి పెట్టానో గుర్తొచ్చాక తీద్దాం."

వాడు దాని కిందే 'మామను అడగాలి' అని ఒక ట్యాగ్ తగిలించి, ల్యాప్‌టాప్ మూసి, చాయ్‌కి లేచాడు.